మందు తగ్గితే గురి కుదురుతుందా?



ధర్మపురి, పెన్నాగరం, హొగెనక్కల్ అడవుల దగ్గర తుపాకీ మాట ఎత్తితే పెద్దవాళ్ళకి ఇద్దరు గుర్తొస్తారు. ఒకడు గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్. 2004 అక్టోబర్ 18న మన పాపారపట్టి దగ్గరే అతని కథ ముగిసింది. అతని గురించి మనం ఇప్పటికే చాలినంత మాట్లాడుకున్నాం. రెండో ఆయన కెన్నెత్ ఆండర్సన్. ఇవాళ్టి ప్రసంగం ఆయన చేతిలోని రైఫిల్‌తో మొదలుపెడతాను.

ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారంలో పుట్టాడు. బెంగళూరులో బతికాడు, 1974లో అక్కడే పోయాడు. మనుషుల్ని తినే పులులనీ చిరుతలనీ వెతుక్కుంటూ ఈ ప్రాంతమంతా కాలినడకన తిరిగాడు. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో జవళగిరి పులి కథ ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా చామల లోయలో తిరిగిన పులి కథా ఉంది. చిన్నార్ నది ఒడ్డున ఉండే పూజారి తెగవాడు బైరా, పెన్నాగరం రంగా ఆయన రచనల్లో పదేపదే కనిపిస్తారు. అప్పటికి ధర్మపురి జిల్లా లేదు, ఇదంతా సేలం జిల్లా. మన జిల్లా విడిగా ఏర్పడింది 1965లో. జవళగిరి, డెంకణికోట ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉన్నాయి.

ఆయన కథలు చదివినవాళ్ళకి ఒక రైఫిల్ పేరు నోటికి వచ్చేస్తుంది. 405 వించెస్టర్. అమెరికాలోని వించెస్టర్ కంపెనీ 1895లో తెచ్చిన మోడల్ అది. రూపకల్పన జాన్ బ్రౌనింగ్‌ది. ట్రిగ్గర్ చుట్టూ ఒక లీవరు ఉంటుంది. వేళ్ళు అందులో పెట్టి కిందికి తోసి మళ్ళీ పైకి లాగితే చాలు, కాల్చేసిన ఖాళీ తూటా బయటికి ఎగిరిపడుతుంది, కొత్త తూటా చాంబర్‌లోకి వెళుతుంది. అందుకే దాన్ని లీవర్ యాక్షన్ రైఫిల్ అంటారు. పాత కౌబాయ్ సినిమాలు చూసినవాళ్ళకి ఈ కదలిక కొత్త కాదు.

ఈ రైఫిల్ కోసం 405 అనే తూటాని 1904లో తెచ్చారు. లీవర్ రైఫిళ్ళ తూటాల్లో ఆ కాలానికి అంత బలమైనది లేదు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు దీన్నీ వెంట తీసుకెళ్ళాడు. సింహానికి ఇదే సరైన మందు అన్న అర్థంలో దీన్ని మెచ్చుకున్నాడు కూడా.

ఆ బలం ఎంతో లెక్కలో చూద్దాం. తూటాల లోకంలో బరువుకు గ్రెయిన్ అనే కొలత వాడతారు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలుల గురిగింజ ఎత్తులో సుమారు సగం అనుకోండి. 405 గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు. అది సెకనుకు 670 మీటర్ల వేగంతో బయటికి వెళుతుంది. శక్తి లెక్క కడితే సుమారు 4,360 జౌళ్ళు వస్తాయి. గుండు ముందుకు వెళ్ళినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, అది న్యూటన్ చెప్పిన సూత్రం. ఈ రైఫిల్ భుజాన్ని ఎంత గట్టిగా తంతుందో కాల్చినవాళ్ళు మర్చిపోరు. దాని బట్ చివర లోపలికి వంగిన ఇనప రేకు ఉంటుంది. మెత్త ఉండదు.

ఎదురుగా పులి ఉన్నవాడికి ఆ తన్ను పట్టింపు లేదు. రెండు మూడు గుండ్లతో పని అయిపోతుంది. ఇదే రైఫిల్‌తో అట్టమీద గీసిన వలయాల మీదికి ఒక పూట యాభై గుండ్లు కాల్చాలంటే సంగతి వేరు. పది గుండ్లకే భుజం కందిపోతుంది. అంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. తన్ను వస్తుందని ఒళ్ళు ముందే కనిపెట్టేస్తుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే భుజం బిగుసుకుంటుంది, కన్ను మూతపడుతుంది, చేయి కాస్త కిందికి లాగుతుంది. గుండు పక్కకి పోతుంది. ఈ జంకు ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడం కష్టం. గురి నేర్చుకోవాలనుకునేవాడికి అసలు శత్రువు ఇదే.

దీనికి విరుగుడుగా పుట్టింది మెత్తని తూటా. అదే రైఫిల్, అదే ఇత్తడి గొట్టం. లోపల తుపాకీ మందు తక్కువ, గుండు వేగం తక్కువ. 670 మీటర్ల వేగాన్ని 430కి దించామనుకోండి, గుండు శక్తి సుమారు 1,800 జౌళ్ళకు పడిపోతుంది. రైఫిల్ వెనక్కి తన్నే శక్తి సగంకన్నా తక్కువైపోతుంది. తుపాకీ గొట్టం అరుగుదల తగ్గుతుంది. ఇత్తడి ఎక్కువ సార్లు పనికొస్తుంది. పాత రైఫిల్‌కు ఆయుష్షు పెరుగుతుంది. అమెరికాలో కౌబాయ్ వేషాలు వేసుకుని పాత తరహా తుపాకులతో పోటీపడే ఆటకు 1987లో ఒక సంఘం ఏర్పడింది. అక్కడ రైఫిల్ గుండు వేగం సెకనుకు 1,400 అడుగులు దాటకూడదని నియమమే పెట్టుకున్నారు. గుండు సీసంతోనే ఉండాలి. ఆ ఆటలో గెలిచేది గురి కుదిరినవాడు, చేయి వేగంగా ఆడేవాడు. ఎక్కువ మందు పోసినవాడికి ప్రత్యేకంగా దక్కేది ఏమీ లేదు.

ఇలాంటి తూటాలు అంగడిలో అన్ని రకాలకూ దొరకవు. 405 లాంటి పాత రకాలకైతే మామూలు తూటాలే కరువు. వించెస్టర్ కంపెనీయే 1950లలో దాని తయారీ ఆపేసింది. అందుకని అమెరికాలో, యూరప్‌లో చాలామంది తమ తూటా తామే నింపుకుంటారు. దీన్ని హ్యాండ్ లోడింగ్ అంటారు. అక్కడ సొంత వాడకానికి నింపుకోవడం మామూలు వ్యవహారం. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మన పిల్లలు ఎవరైనా షూటింగ్ క్లబ్బులో చేరితే, పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి ఇంటి వెనక షెడ్డులో ఈ పని చేస్తూ ఉండొచ్చు. మన దేశంలో చట్టం వేరు. ఆ సంగతి కొంచెంసేపట్లో చెబుతాను.

ముందు తూటాలో ఏముంటుందో తెలుసుకోవాలి. నాలుగే వస్తువులు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నడిమధ్య ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. ట్రిగ్గర్ నొక్కితే సూది వెళ్ళి ప్రైమర్‌ను కొడుతుంది, నిప్పు రాజుకుంటుంది, మందు మండి వాయువవుతుంది, ఆ ఒత్తిడి గుండును నెడుతుంది. కాల్చాక గుండు, మందు, ప్రైమర్ మూడూ ఖర్చయిపోతాయి. ఇత్తడి మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వంతు ఆ ఇత్తడిదే. పాత ప్రైమర్ తీసి, ఉబ్బిన గొట్టాన్ని మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ కుదిర్చి, మందు తూచి పోసి, గుండు కూర్చోబెడితే తూటా మళ్ళీ తయారు. చెప్పడానికి ఇంతే. ఇరవై రెండు బోరు తూటాకి మాత్రం ఇది కుదరదు. దానిలో ప్రైమర్ మందు అడుగు అంచులోపల పూసి ఉంటుంది, సూది ఆ అంచును నలిపేస్తుంది. ఒకసారి కాల్చాక అది పారేయాల్సిందే.

మందు తగ్గించడం అంటే తేలికే కదా, ప్రమాదం కూడా తగ్గుతుంది కదా అని ఎవరైనా అనుకుంటారు. అక్కడే పప్పులో కాలేస్తారు. తక్కువ మందుకు దాని ప్రమాదాలు దానికున్నాయి.

1870లలో లీవర్ రైఫిల్ తూటాలు బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు నల్లటి తుపాకీ మందుతో నిండేవి. 44-40 అనే తూటా 1873 నాటిది. ఆ పేరులో రెండో అంకె, 40, అందులో పోసే బ్లాక్ పౌడర్ గ్రెయిన్లను చెబుతుంది. గొట్టం నిండుగా పోస్తేనే అంత పట్టేది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగలేని మందు కనిపెట్టాక లెక్క మారిపోయింది. అది కొద్దిగా పోస్తేనే చాలా బలం ఇస్తుంది. బ్లాక్ పౌడర్ కోసం చేసిన పెద్ద గొట్టంలో పొగలేని మందు కొంచెమే వేస్తే, లోపల చాలా చోటు ఖాళీగా మిగిలిపోతుంది. మెత్తని తూటా చిక్కులన్నీ ఆ ఖాళీలోనే ఉన్నాయి.

మొదటి చిక్కు, పరధ్యానంగా ఉన్నవాడు ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోసేయొచ్చు. నిండుగా పట్టే మందైతే రెండోసారికి పొంగి కింద పడుతుంది, తెలిసిపోతుంది. అడుగున చిటికెడంతే ఉండే మందైతే రెండింతలైనా పైకి కనపడదు. అది కాల్చినప్పుడు రైఫిల్ పగిలిపోవచ్చు.

రెండో చిక్కు దీనికి తలకిందులు. మందు మరీ తక్కువైతే గుండు తుపాకీ గొట్టం మధ్యలోనే ఇరుక్కుంటుంది. చప్పుడు చిన్నగా వస్తుంది, తన్ను ఉండదు. లీవర్ రైఫిల్‌తో వేగంగా కాల్చడం అలవాటైనవాడు ఆ తేడా పట్టించుకోకుండా లీవరు ఆడించి రెండోది కాల్చేస్తాడు. ముందున్న గుండును వెనకది గుద్దుతుంది. గొట్టం ఉబ్బిపోతుంది, లేదా చీలిపోతుంది. శబ్దం తేడాగా వచ్చిందంటే ఆగిపోవాలి, గొట్టంలోకి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. షూటింగ్ రేంజ్‌లో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

మూడో చిక్కు, నిదానంగా మండే రకం మందును ఇష్టం వచ్చినంత తగ్గించేస్తే ఒక్కోసారి ఒత్తిడి తగ్గడానికి బదులు ఉన్నట్టుండి విపరీతంగా పెరిగి తుపాకులు పగిలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మందు తయారుచేసే కంపెనీలు ప్రతి రకానికీ గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా అచ్చువేసి ఇస్తాయి. ఏ మందు, ఏ గుండు, ఎంత అన్నది ఆ పట్టికలో చూసి పాటించాలి. సొంత తెలివి పనికిరాదు. పక్కవాడు చెప్పిన లెక్క కూడా పనికిరాదు. నేనూ ఈ ప్రసంగంలో ఏ లెక్కా చెప్పను, అది కావాలనే.

ఈ ఖాళీ సమస్యకు మందు తయారుచేసేవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ట్రెయిల్ బాస్ అనే మందు గింజలు మధ్యలో చిల్లుపెట్టిన గారెల్లా ఉంటాయి. బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకుంటాయి. కొద్ది బరువుతోనే గొట్టం నిండుతుంది. రెండోసారి పోస్తే పొంగిపోతుంది కనుక పొరపాటు దాగదు. మెత్తని తూటాల కోసమే తెచ్చిన మందు అది.

గుండు విషయంలోనూ లీవర్ రైఫిల్‌కు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. చాలా లీవర్ రైఫిళ్ళలో తూటాలు తుపాకీ గొట్టం కింద ఉండే ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, రైఫిల్ తన్నినప్పుడు అది ప్రైమర్‌ను పొడిచి తూటా అక్కడే పేలిపోవచ్చు. అందుకే వీటికి ముక్కు చదునుగా ఉన్న గుండ్లు వాడతారు. 1895 మోడల్‌లో బ్రౌనింగ్ తూటాలను పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఈ చిక్కు తప్పించాడు. ఆండర్సన్ రైఫిల్ ఆ రకమే. గొట్టం తరహా రైఫిళ్ళలో స్ప్రింగు ముందు నుంచి నొక్కుతూ ఉంటుంది కనుక గుండు లోపలికి జారిపోకుండా ఇత్తడి మూతిని దాని మీద కొంచెం నొక్కి బిగించాలి. జారిందంటే లోపల చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

తక్కువ వేగానికి రాగి తొడుగు ఉన్న గుండుకన్నా సీసపు గుండు నయం. సీసం మెత్తన, గొట్టంలో సులువుగా జారుతుంది, ఇరుక్కునే భయం తక్కువ. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక అచ్చులో పోసుకోవడం తేలిక. తేలికే కానీ సీసం విషం. దాని ఆవిరి, దుమ్ము, చేతికంటిన మసి ఒంట్లోకి పోతే రక్తంలో చేరిపోతుంది. పిల్లల మెదడుకు మరీ చెడుపు. ప్రైమర్లలో కూడా సీసపు రసాయనం ఉంటుంది. అందుకే రేంజ్ నుంచి వచ్చినవాళ్ళు చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఇక అసలు మాటకు వస్తాను. మందు తగ్గితే గురి దానంతట అదే కుదురుతుందా? కుదరదు. లెక్క చూడండి.

తుపాకీ నుంచి వచ్చిన గుండు గీత గీసినట్టు తిన్నగా పోదు. గొట్టం దాటిన క్షణం నుంచి భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. 100 మీటర్ల దూరానికి 670 మీటర్ల వేగంతో వెళ్ళే గుండు సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది. 430 మీటర్ల వేగంతో వెళ్ళేది సుమారు 30 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ 30 సెంటీమీటర్లు సమస్య కాదు. సైటు సర్దుకుంటే సరిపోతుంది. కానీ ఒక తూటాకీ ఇంకో తూటాకీ వేగంలో 15 మీటర్ల తేడా వచ్చిందనుకోండి. పూర్తి మందు తూటాలో ఆ తేడా అట్టమీద అర సెంటీమీటరు. మెత్తని తూటాలో అదే తేడా రెండు సెంటీమీటర్లు. గుండు నెమ్మదిగా పోయేకొద్దీ చిన్న లోపం కూడా పెద్దదై కనపడుతుంది.

అంటే మెత్తని తూటా మనిషిని భుజం నొప్పి నుంచి, జంకు నుంచి కాపాడుతుంది. బదులుగా తూచడంలో ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది. మందు తూకం కాస్త అటూ ఇటూ అయితే అట్ట చెప్పేస్తుంది. ప్రతి ఇత్తడి గొట్టం పొడవు ఒకటే ఉండాలి, ప్రతి గుండు బరువు ఒకటే ఉండాలి, ప్రతి మూతి బిగింపు ఒకటే ఉండాలి. ఈ పనిలో అందాజా చెల్లదు, కొసరు అసలే చెల్లదు. గురి అనేది ఒకే పనిని మళ్ళీ మళ్ళీ తేడా లేకుండా చేయడం. అది తూటా నింపే బల్ల దగ్గర మొదలై ట్రిగ్గర్ దగ్గర ముగుస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. మన అడవి అంచు ఊళ్ళలోనూ చేత్తో మందు నింపే తుపాకీ ఒకటుంది. నాటు తుపాకీ. మూతి నుంచి మందు పోసి, గుడ్డో పీచో దట్టించి, పైన సీసమో ఇనప ముక్కలో కూరి, మళ్ళీ దట్టించి కాలుస్తారు. తూటా నింపడానికి అదే పాత పద్ధతి. కానీ అక్కడ త్రాసు లేదు, పట్టిక లేదు. అరచేతిలో పోసుకుని చూసిందే కొలత. మందు ఇంట్లో చేసిందో ఎక్కడో కొన్నదో, ఏ పూట ఎంత బలంగా మండుతుందో చెప్పలేరు. గొట్టం నీళ్ళ పైపుదో మరొకటిదో, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో పరీక్షించినవాడు లేడు. అడవి పంది పారిపోతుందేమో కానీ, పట్టుకున్నవాడి చేయో కన్నో పోయే ప్రమాదం ప్రతి సారీ ఉంటుంది. నేను ఇంతసేపు చెప్పిన మెత్తని తూటా విద్యకు ఇది సరిగ్గా ఎదురు కొస.

చట్టం మాట కూడా స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. తుపాకీ కొనాలన్నా ఉంచుకోవాలన్నా లైసెన్సు కావాలి. తుపాకీ గానీ తూటా గానీ తయారుచేయడానికి విడిగా లైసెన్సు కావాలి. ఆ చట్టంలో తూటా అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. దాని భాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ ఆ నిర్వచనంలోకే వస్తాయి. కాబట్టి తూటా నింపే ప్రెస్సు ఒకటి విదేశం నుంచి తెప్పించుకుని ఇంట్లో బిగించుకుందాం అనుకోవడానికి వీల్లేదు. అనుమతి లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. అమెరికా వీడియోలో చూసిన పద్ధతి ఇక్కడ చట్టం ముందు పనికిరాదు. అడవి సంగతీ అంతే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆండర్సన్ కాలం నాటి వేట ముగిసిపోయింది. ధర్మపురి, కృష్ణగిరి అడవుల్లో కొంత భాగం 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమైంది.

మరి ఇక్కడి కుర్రవాడికో పిల్లకో గురి మీద ఇష్టం ఉంటే దారి లేదా? ఉంది. పైగా ఆ దారిలో మెత్తని తూటా తయారుగా దొరుకుతుంది, ఇంట్లో నింపక్కర్లేదు.

ప్రపంచమంతా పోటీల్లో వాడే ఇరవై రెండు బోరు తూటానే తీసుకోండి. గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. కావాలనే శబ్దవేగానికి కొంచెం తక్కువగా ఉంచుతారు. శబ్దవేగాన్ని దాటి మళ్ళీ కిందికి దిగే గుండు ఆ సంధిలో కొంచెం తొణుకుతుంది, గురి చెడుతుంది. పోటీలో 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. వేగంలో 15 మీటర్ల తేడా వస్తే గుండు అట్టమీద ఇంచుమించు ఆ వలయం వెడల్పంత కిందికో పైకో పోతుంది. అందుకే పెద్ద ఆటగాళ్ళు ఇంగ్లండ్‌లో ఈలీ, జర్మనీలో లాపువా వంటి కంపెనీల దగ్గరికి తమ రైఫిల్ గొట్టం తీసుకెళ్ళి, రకరకాల లాట్లు, అంటే ఒక్కో విడతలో తయారైన తూటాలు, కాల్చి చూసి, ఏ లాటు తమ గొట్టానికి నప్పుతుందో ఎంచుకుంటారు. నింపే పని కంపెనీది, ఎంచే శ్రద్ధ ఆటగాడిది.

అంతకన్నా మెత్తనిది ఎయిర్ రైఫిల్. మందే లేదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. శక్తి ఏడెనిమిది జౌళ్ళు. ఆండర్సన్ 405తో పోలిస్తే ఐదు వందల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ. అయినా 10 మీటర్ల దూరాన దాని పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ప్రపంచంలో అతి కష్టమైన గురి పోటీల్లో ఇదొకటి. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. కడలూరులో పుట్టిన ఎలవేనిల్ వలరివన్ ప్రపంచ కప్పు స్వర్ణాలు గెలిచిందీ ఇందులోనే. పిస్టల్ విభాగంలో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో తిరిగొచ్చింది. వీళ్ళెవరూ బలమైన తుపాకీతో పేరు తెచ్చుకోలేదు. పోటీ తుపాకుల్లో అన్నిటికన్నా మెత్తనివాటితోనే తెచ్చుకున్నారు.

20 జౌళ్ళ లోపు శక్తితో, 4.5 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఎయిర్ రైఫిల్‌కు తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. కొనే ముందు గుర్తింపు పత్రాల సంగతి, వయసు నియమాలు కలెక్టరేట్‌లో ఒకసారి కనుక్కోండి. జాతీయ రైఫిల్ సంఘం 1951 నుంచి ఉంది. రాష్ట్రాలకు సంఘాలున్నాయి, పెద్ద ఊళ్ళలో రైఫిల్ క్లబ్బులున్నాయి. ఇరవై రెండు బోరు రైఫిల్ కాల్చి చూడాలన్నా ముందు క్లబ్బులో చేరి, శిక్షకుడి పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఇంటి పెరట్లో గోడమీద సీసా పెట్టి కాల్చడం ఎయిర్ రైఫిల్‌తో కూడా మంచిది కాదు. పెల్లెట్ గోడకు తగిలి వెనక్కి వస్తుంది, కంటికి తగిలితే చూపు పోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు తుపాకీ ఆట అడిగితే బెదరకండి, తిట్టకండి. మంచి క్లబ్బులో వెంటనే గుండు కాల్చనివ్వరు. నిలబడటం, ఊపిరి ఆపడం, ఖాళీ రైఫిల్ పట్టుకుని ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకుని పట్టుకోవడం, మూతిని మనిషి వైపు ఎన్నడూ తిప్పకపోవడం నేర్పుతారు. ఓపిక లేని పిల్లవాడు అక్కడే మానేస్తాడు. ఉన్నవాడికి ఆ ఓపిక చదువులోనూ పనికొస్తుంది.

అడవి అంచు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. లైసెన్సు లేని నాటు తుపాకులను అప్పగించమని అటవీ శాఖ, పోలీసులు ఈ జిల్లాల్లో కోరిన సందర్భాలు ఉన్నాయి. తాతల నాటిది, అటక మీద పడి ఉంది, కాల్చడం లేదు కదా అని ఉంచుకోకండి. తుప్పుపట్టిన గొట్టంలో ఎప్పటి మందు మిగిలి ఉందో మీకు తెలియదు, దాన్ని అందుకున్న పిల్లవాడికీ తెలియదు. పంట మీద పందులు, ఏనుగులు పడుతుంటే అటవీ శాఖకు అర్జీ పెట్టండి, నష్టపరిహారం అడగండి. అది మీ హక్కు. ఊరి పెద్దలను, పంచాయతీ వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ నాటు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేయండి. గురి మీద మనసున్న పిల్లల్ని రైఫిల్ క్లబ్బుకు పంపండి.